ఏడో మడుగులో పెద్ద చేప

కొలతకు 21 రోజులు

పొద్దున్నే లేచి సౌరపలకల మీద కొంగల రెట్ట గోకాను. తాగునీటి వడపోత గుడ్డ ఉతికి ఆరేశాను. గాలికి వదులైన పడవింటి తాడు మళ్ళీ బిగించాను. డెబ్భై ఒక్కేళ్ళ వాడు ఈ మూడు పనులూ చేసి కూర్చుంటే ఆ రోజుకు మానవజాతికి తన వంతు సేవ చేసినట్టే. అక్కడితో ఊరుకోక తలెత్తి వంతెన మీది బోర్డు చూశాను. రోజు పాడైంది.

"ఏడో మడుగు. అతి పెద్ద చేప: బొచ్చె. బరువు: 94 కిలోలు."

తొంభై నాలుగు! బొచ్చె! తిమింగలం అని రాసినా సరదా పడి ఊరుకునేవాణ్ణి.

నేను ముప్పై ఏళ్ళు నది మండలిలో పొలుసు చదువరిగా పనిచేశాను. చేప పొలుసు మీద ఏడాదికొక వలయం పడుతుంది. మేత దొరికిన ఏడు వలయాల మధ్య ఎడం ఎక్కువ, కరువేడు తక్కువ. పొలుసును కటకం కింద పెట్టి ఆ చేప వయసెంతో, ఏ ఏడు ఎంత పెరిగిందో, ఎన్నాళ్ళు ఆకలితో ఉందో చెప్పేవాణ్ణి. ఇప్పుడా పని లేదు. వంతెన ఐదో స్తంభం కింద నీళ్ళలో 'కన్ను' అనే యంత్రాన్ని వేలాడదీశారు. అది శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి బరువు చెబుతుంది. దానికి పొలుసు అక్కర్లేదు. బుద్ధి కూడా అక్కర్లేదని ఇవాళ రుజువైంది.

మనిషి ఎదుగుదల ఇరవై ఏళ్ళకు ఆగుతుంది. కొందరికి ఇంకా ముందే ఆగుతుంది, వాళ్ళను మండలిలో వేస్తారు. చేప బతికినంత కాలం పెరుగుతూనే ఉంటుంది. అయితే దానికి లోతు కావాలి, మేత కావాలి, తిరగడానికి చోటు కావాలి. మా మడుగు నాలుగు నిలువుల లోతు. ఇందులో తొంభై నాలుగు కిలోల బొచ్చె ఉందంటే, అగ్గిపెట్టెలో ఏనుగు పడుకుందని చెప్పినట్టు.

నదిలో ఇప్పటిదాకా తూచిన అతి పెద్ద బొచ్చె నలభై ఏడు కిలోలు. నదిని ఆనకట్టలతో నలభై ఒక్క మడుగులుగా కోసిన ఏడాది, ముప్పై ఎనిమిదేళ్ళ కింద, దాన్ని తూచింది నేనే. చట్టం ఆ చేప వీపు మీదే కూర్చుంది. ఏటా కొలత రోజున నది రికార్డులో సగం బరువున్న చేప మడుగులో ఉంటే ఆ మడుగు బతికున్నట్టు. అంటే ఇరవై మూడున్నర కిలోలు. లేకపోతే చచ్చినట్టు. అప్పుడు గేట్లెత్తి ఆ నీటిని చలువ మేడలకు పంపేస్తారు. అక్కడి యంత్రాలు ఆలోచించి ఆలోచించి వేడెక్కుతాయట. మండలి సభ్యులకు ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

ఇప్పటికి ఆరు మడుగులు అలా ఎండిపోయాయి.

మధ్యాహ్నంలోగా అభ్యంతరం రాసి పంపాను. పొలుసు చదువరి అభ్యంతరం చెబితే కన్ను మాట చెల్లదు. కొలత రోజున చేపను పైకి తీసి చేత్తో తూచాలి. ఆ నిబంధన ఉందని మండలిలో ఎవరికీ గుర్తుండదు. చదువరుల్లో మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే, చట్టం చదివినవాణ్ణీ నేనొక్కణ్ణే.

కొలతకు 19 రోజులు

బోర్డు: 101.

తమ్ముడి భార్య మంగతాయారు పడవ వేసుకుని అన్నం తెచ్చింది. తమ్ముడు పోయి ఎనిమిదేళ్ళయినా నాకు రెండు పూటలా తిండి పెడుతోంది. దానికి బదులుగా రెండు పూటలా నన్ను దెప్పుతుంది. మార్కెట్లో ఇంతకంటే గిట్టుబాటు బేరం దొరకదు.

"బావగోరూ, బోర్డు సూశారా? నూటొకటి!"

"చూశాను. నువ్వూ నమ్మావా?"

"నమ్మక ఏం సేయమంటారండీ? సేప ఉంటే మడుగుంటది. మడుగుంటే మూడొందల కొంపలుంటయ్. మీ పడవిల్లు కూడా అందులో ఒకటి. నీళ్ళు పోతే దాన్ని నెత్తి మీద ఎట్టుకుని తిరుగుతారా?"

ఆమె చెప్పిన ఇంకో సంగతి విని కూర కూడా సయించలేదు. ఊరి ఆడవాళ్ళంతా చేపకు 'పెద్దమ్మ' అని పేరు పెట్టారట. రోజుకొక ఇంటి వంతున తెల్లారగానే తవుడూ చెక్కపిండీ కలిపి ముద్దలు చేసి, సరిగ్గా ఐదో స్తంభం కింద వేస్తున్నారట. పెద్దమ్మ కన్నుకు ఎదురుగా ఉండాలని. ఎక్కడికైనా పోతే బోర్డు మీద కనపడదని.

"పసుపు, కుంకుమ కూడా వేస్తున్నారా?"

"ఆదివారాలు మాత్రమే యేస్తున్నాం లెండి," అంది నిష్ఠగా.

ఈ ప్రజల కోసం నేను ముప్పై ఏళ్ళు కళ్ళు పోగొట్టుకున్నాను.

కొలతకు 16 రోజులు

బోర్డు: 108. మండలి అధ్యక్షుడు తురగా శశిధర్ స్వయంగా మరపడవలో వచ్చాడు. ఒకప్పుడు నాలుగేళ్ళు నా దగ్గర సహాయకుడిగా ఉన్నవాడు. ఆ నాలుగేళ్ళలో పొలుసుకు పై వైపు ఏదో, కింది వైపు ఏదో అతనికి ఒక్కసారీ తెలియలేదు. అందుకే పొలుసులు అక్కర్లేని యంత్రం తెచ్చాడు.

"గురువుగారూ, ఆరోగ్యం ఎలా ఉంది?"

"నా ఆరోగ్యం కోసం మరపడవ వేసుకుని రావు. అభ్యంతరం ఉపసంహరించుకోమంటావు. చెప్పు."

నవ్వాడు. ఆ నవ్వుకు చిన్నప్పటి నుంచీ మార్కులు పడుతున్నట్టున్నాయి.

"మీ మడుగే కదండీ గండం గడిచేది! మిగతావాళ్ళంతా మిమ్మల్ని చూసి ఏడుస్తుంటే మీరే వద్దంటారేమిటి?"

"నూట ఎనిమిది కిలోల బొచ్చెను నువ్వు నమ్ముతున్నావా?"

"కన్ను నమ్ముతోంది."

"సరే. కొలత రోజున కన్ను మాటే ఖాయమైందనుకో. నది రికార్డు నూట ఎనిమిది అవుతుంది. అందులో సగమెంత?"

అతను లెక్క వేశాడు. నిజంగానే వేశాడు, పెదవులు కదిపి. "యాభై నాలుగు."

"వచ్చే ఏడు యాభై నాలుగు కిలోల చేప ఏ మడుగులో చూపిస్తావు? మిగిలినవి ముప్పై అయిదు. ఇది ఒక్కటీ ఈ ఏడు బతుకుతుంది, వచ్చే ఏడు ముప్పై అయిదూ ఎండుతాయి."

ఇతను చలువ మేడల వాళ్ళతో కుమ్మక్కయి ఈ పని చేస్తున్నాడని నాకు అనుమానం ఉండేది. ఆ ముఖం చూశాక పోయింది. కుట్ర చెయ్యాలంటే రెండో అడుగు ముందే కనపడాలి. అతను నిజంగానే అంతవరకు ఆలోచించలేదు.

"ముందీ ఏడు గడవనివ్వండి గురువుగారూ. ఆ సంగతి తర్వాత చూద్దాం."

వెళుతూ మడుగులోకి దణ్ణం పెట్టాడు. పెద్దమ్మకు.

కొలతకు 11 రోజులు

నిన్నటిదాకా 115. ఇవాళ బోర్డు: 20.

ఊరంతా వంతెన మీదికి చేరి గోల. ఎవరో పట్టుకుపోయారన్నారు. అలిగి వెళ్ళిపోయిందన్నారు. నేనే శాపం పెట్టానని ఒకామె నా ఎదురుగానే అంది. ఇంత బరువున్న శాపం నా దగ్గర ఉంటే మండలి మీద ఎప్పుడో పడేసేవాణ్ణి.

తాయారు వచ్చాక అడిగాను: "ఇవాళ ముద్దలు ఎవరి వంతు?"

"పట్రయ్యోళ్ళదండీ. నిన్న ఆల ముసల్ది పోయింది కదా, మైల. మైలింట్లో ముద్ద సేసి పెద్దమ్మకి ఎట్లా యేస్తారు? రేపు పక్కింటోళ్ళు యేస్తారు."

పదకొండు వందల పుస్తకాలు చదివినవాణ్ణి, సమాధానం ఒక మైల వల్ల దొరికింది. ముద్ద పడని రోజు చేప లేదు. నూట పదిహేను కిలోల జీవి ఒక్క పూట తవుడు లేకపోతే మాయం కాదు. అంటే అది ఒక జీవి కాదు.

కొలతకు 10 రోజులు

ఉదయం పక్కింటివాళ్ళు ముద్దలు వేశారు. బోర్డు: 117. జనం చప్పట్లు.

చప్పట్లు ఆగేలోపు తాయారును పడవెక్కించుకుని ఐదో స్తంభం దగ్గరికి పోయాను. నా వల చిన్న కన్నుల వల, ఈ వయసులోనూ గుండ్రంగానే పడింది. పైకి లాగలేకపోయాను. ఇద్దరం కలిసి లాగాం.

వల నిండా పరిగెలు. చిటికెన వేలంత చేపలు, వేలకు వేలు. పడవ అడుగంతా వెండి రేకులు పోసినట్టయింది. తవుడు ముద్ద చుట్టూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బంతిలా తిరుగుతుంటే కన్నుకు అదంతా ఒకే చేపలా కనపడింది. ఊరు ఎంత మేపితే బంతి అంత లావైంది. యంత్రాన్ని బోల్తా కొట్టించడానికి ఈ ఊళ్ళో తెలివైనవాడు అక్కర్లేకపోయింది. భక్తి చాలింది.

"ఇదిగో మీ పెద్దమ్మ," అన్నాను. ఇన్నేళ్ళలో అంత సంతోషంగా ఒక మాట అని ఎరగను.

తాయారు పడవ అంచు మీద కూలబడింది. ఒక పరిగెను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీరే గెలిశారు బావగోరూ. శానా బాగుంది. ఇంక మేం ఎక్కడికి పోవాలో కూడా సెప్పండి."

"వేరే పెద్ద చేప ఉండొచ్చు. నిన్న బోర్డు మీద ఇరవై పడింది కదా, అది నిజం చేపే."

"ఇరవై సాలదు కదా! ఇరవై మూడున్నర ఉండాలి కదా! మా పుట్టింటి మడుగు ఎట్టా పోయిందనుకున్నారు? నాలుగో మడుగులో ఇరవై మూడు కిలోల సేపుంది. అర కిలో తక్కువని గేట్లెత్తేశారు. మా అన్న తాతారావు ఆ సేపని ఒళ్ళో ఎట్టుకుని ఏడ్చేడు, ఇంకో నెలాగితే ఆ అర కిలో ఇది పెరుగుద్ది సామీ అని."

నాకు తెలుసు. పదకొండేళ్ళ కింద ఆ చేప పొలుసు చదివి 'తక్కువ' అని సంతకం పెట్టింది నేనే. ఆ మాట ఆమెకూ తెలుసు. ఎప్పుడూ అనలేదు. రూలు నాది కాదు కదా అని నేనూ ఎప్పుడూ మనసుకు పట్టించుకోలేదు.

పరిగెలను నీళ్ళలోకి వంచేశాం.

కొలతకు 8 రోజులు

తాయారు మాట మీద నలుగురు ఆడవాళ్ళు పెద్ద వల తెచ్చారు. అవతలి గట్టు నీడలో మూడు గంటలు లాగాం. నేను లాగలేదు, తిట్టాను. ఎనిమిదింటికి ఒక బొచ్చె పడింది. అసలైనది. నల్లటి వీపు, పళ్ళెంలాంటి నోరు, పెద్ద తల. అందరూ ముందుకు వంగారు. నేను కూడా కొంచెం.

తడిగుడ్డ జోలెలో పెట్టి తాయారు కాటాకు తగిలించబోయింది. నేను తొందరపెట్టాను. నీళ్ళ బయట ఎక్కువసేపు ఉంచకూడదు కదా.

"ఆగండి బావగోరూ! ముందు గుడ్డ తూసుకోవద్దా? తడిసి ముద్దైపోయింది, అదే ఒక రెండు కిలోలుంటది."

మిగతా నలుగురూ కూడా అదే అన్నారు. ఇంత మామూలు సంగతి ఇతనికి చెప్పాల్సి వచ్చిందేమిటా అని నావైపు చూశారు.

చేపను నీళ్ళ తొట్టెలో దింపి, ముందు గుడ్డ తూచారు: రెండుంబావు. తర్వాత గుడ్డతో సహా చేప: ఇరవై మూడుంబావు. చేప ఇరవై ఒకటి. ఒక పొలుసు తీసుకుని వదిలేశాం. పదమూడు వలయాలు.

"రెండున్నర కిలోలు తక్కువ," అని ఆడవాళ్ళలో ఒకామె గట్టు మీద కూర్చుండిపోయింది.

నేను ఇంటికి వచ్చేశాను. తాయారు అన్నం తెస్తే ఒంట్లో బాగాలేదన్నాను. అబద్ధం. ఒళ్ళు బాగానే ఉంది.

కొలతకు 7 రోజులు

ఇది ఎవరూ చదవరని రాస్తున్నాను. చదివితే చదవండి.

ముప్పై ఎనిమిదేళ్ళ కింద ఆ నలభై ఏడు కిలోల బొచ్చెను మూడు గోనెసంచులు కలిపి కుట్టిన జోలెలో తూచాను. గోనెలు పొద్దున్నుంచి నీళ్ళలో నానుతున్నాయి. జోలె అడుగున కూడా నీళ్ళు నిలిచాయి. ముప్పై మూడేళ్ళ వాణ్ణి, చుట్టూ ఫోటోలు తీసేవాళ్ళు, కాటా ముల్లు నలభై ఏడు దగ్గర ఆగింది, అందరూ అరిచారు, రాసేసుకున్నారు. సాయంత్రం ఒక్కణ్ణే ఉన్నప్పుడు అవే గోనెలను మళ్ళీ తడిపి తూచాను. తొమ్మిది. నా సొంత నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకున్నాను: "గోనె 9. చేప 38."

తెల్లారి దిద్దొచ్చు. ఒక కాగితం పంపితే చాలు. కానీ ఆ నెలలోనే పక్క నది కృష్ణ వైపు నుంచి ఒక మొద్దు అధికారి తన దగ్గర నలభై నాలుగు కిలోల చేప దొరికిందని అచ్చు వేయించుకున్నాడు. ఆ చేప కూడా అబద్ధమేనని నా నమ్మకం. అతను సభలో నా ముందు ఇంత మీసం తిప్పాడు. ముప్పై ఎనిమిది అని నా నోటితో చెప్పి, అతని కింద రెండో స్థానంలో కూర్చోవడం నా వల్ల కాలేదు. తర్వాతి ఏడు చట్టం రాసేవాళ్ళు వచ్చి నా నలభై ఏడును తీసుకుపోయారు. అప్పుడూ నోరు విప్పలేదు.

ముప్పై ఎనిమిదిలో సగం పంతొమ్మిది.

ఎండిన ఆరు మడుగుల్లో చేపలు: ఇరవై, ఇరవై రెండు, పంతొమ్మిదిన్నర, ఇరవై మూడు, ఇరవై ఒకటి, పద్ధెనిమిది. చివరిది ఒక్కటే నిజంగా తక్కువ. మిగతా అయిదింటినీ ఎండగట్టింది నా మూడు గోనెలు.

శశిధర్ యంత్రం తవుడు ముద్ద చుట్టూ తిరిగే పరిగెలను చూసి చేప అనుకుంది. దానికి ఆ వెంటనే నిజం తెలిసే మార్గం లేదు. నాకు సాయంత్రానికే తెలిసింది. ఇన్నాళ్ళు నేను మండలిని తిట్టిన తిట్లన్నీ ఒక కాగితం మీద రాసి చూశాను. ఒకటి రెండు తప్ప అన్నీ నాకే సరిపోయాయి, కుట్టించుకున్న చొక్కాలా.

కొలతకు 5 రోజులు

శశిధర్ కబురు. అభ్యంతరం వెనక్కి తీసుకుంటే వంతెన మీద నా పేరుతో రాతిపలక వేయిస్తాడట. 'నది రికార్డు నెలకొల్పిన మహనీయుడు' అని. పంపిన చీటీలో రెండు అక్షరదోషాలున్నాయి. మూడో తప్పు ఆ రికార్డే, అది అతనికి తెలియదు.

ఊళ్ళో ముద్దలు మానలేదు. తాయారు చూసింది చెప్పినా సగంమంది నమ్మలేదు. బోర్డు: 131.

నాకున్న దారులు మూడు. నోరు మూసుకుంటే ఈ మడుగు ఈ ఏడు బతికి, వచ్చే ఏడు అన్నీ పోతాయి. అభ్యంతరం మీద నిలబడి గోనె సంగతి దాస్తే మిగతావి బతుకుతాయి, తాయారు మడుగు ఈ ఏడే ఎండుతుంది. మూడో దారి నాకు నచ్చలేదు. రెండు రోజులు దానిలో తప్పులు వెతికాను. ఎంత చదివినవాణ్ణయినా ఒక్కటీ దొరకలేదు.

కొలత రోజు

కొలత అధికారిణి పేరు ఉద్దరాజు కాత్యాయని. నలభై ఏళ్ళుంటాయి, ముఖంలో ఏ భావమూ లేదు. ప్రభుత్వోద్యోగానికి అంతకంటే కావలసింది లేదని నా అభిప్రాయం. వంతెన మీద బల్ల వేసుకుని కూర్చుంది. చుట్టూ మూడొందల ఇళ్ళ జనం. శశిధర్ కొత్త కండువా వేసుకున్నాడు.

"కన్ను ప్రకారం నూట ముప్పై నాలుగు. అభ్యంతరం చెప్పినవారు?"

లేచాను. వల వేయించాను. పరిగెలు పోయించాను. శశిధర్ వాటిని బూటు కొసతో కదిపి చూశాడు, వాటి కింద ఎక్కడో పెద్దది ఉంటుందని. తర్వాత ఇరవై ఒక్క కిలోల బొచ్చెను మళ్ళీ పట్టి తూచారు. గుడ్డ ముందు తూచారు.

"ఇరవై మూడున్నరకు తక్కువ," అంది కాత్యాయని. కలం తీసింది.

"ఇంకో అభ్యంతరం ఉందమ్మా," అన్నాను.

"దేని మీద?"

"నది రికార్డు మీద. చెప్పేది నేనే, తూచిందీ నేనే."

నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. ఆ రోజు చేప నుంచి తీసి కాగితంలో చుట్టి ఇన్నేళ్ళు దాచిన పొలుసును పక్కన పెట్టాను. చేపతో పాటే పొలుసూ పెరుగుతుంది కాబట్టి దాన్ని కొలిస్తే చేప ఎంతుండేదో ఎవరైనా లెక్క కట్టొచ్చు, శశిధర్ తప్ప. గోనెల సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. గొంతు తగ్గించి చెప్పబోయాను.

"గట్టిగా చెప్పండి, వాళ్ళకీ వినపడాలి," అంది కాత్యాయని.

గట్టిగా చెప్పాను.

ఆమె కటకంతో పొలుసును మూడుసార్లు కొలిచింది. కాగితం మీద లెక్క వేసింది. "ముప్పై ఎనిమిదికి అటూ ఇటూగా వస్తోంది," అంది. "రికార్డు సవరిస్తున్నాను. సగం పంతొమ్మిది. ఏడో మడుగు బతికుంది." తర్వాత నావైపు మొదటిసారి సరిగ్గా చూసింది. "మీ మీద వేరే విచారణ ఉంటుంది. ఆ అయిదు మడుగుల గురించి."

"ఉండాలి," అన్నాను.

శశిధర్ దగ్గరికి వచ్చి, "ఎంత పని చేశారండీ గురువుగారూ," అన్నాడు. ఆ మనిషి నోట నిజమైన మాట నేను వినడం అదే. అతని కళ్ళలో నామీద అసహ్యం కనపడింది. కొంచెం తీరిగ్గా దాన్ని చూశాను. బాగా ఒప్పింది అతనికి, ఆ ముఖానికి ఎప్పుడూ లేని గాంభీర్యం వచ్చింది.

జనం కేకలు వేస్తున్నారు, ఏడుస్తున్నారు, ఒకరినొకరు నీళ్ళలోకి తోసుకుంటున్నారు. తాయారు ఆ గుంపులో లేదు. వంతెన చివర పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి పోయాను.

"మా నాలుగో మడుగు కూడానా బావగోరూ?"

"నాలుగోది కూడా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

కొలత తర్వాత 4 రోజులు

నాలుగు రోజులు అన్నం రాలేదు. వండుకున్నాను, మాడ్చుకున్నాను, తిన్నాను. ఇవాళ పొద్దున్నే పడవ చప్పుడు.

"సొక్కా ఏసుకోండి. మా అన్న ఇంటికి పోవాలి."

"ఎందుకు?"

"ఆడికి సెప్పాలి కదా. నేను సెప్పను. మీరే సెప్తారు. ఆడింట్లోనే కాదు, ఆ కాలనీలో నాలుగో మడుగోళ్ళు అరవై కొంపలున్నాయి. ఒక్కో కొంపా ఎక్కి దిగుతారు. మిగతా మడుగులోళ్ళ దగ్గరికి ఆ తరవాత తీసుకెళ్తాను. నాకు పడవుంది, ఖాళీ ఉంది."

చలువ మేడల కాలనీ ఒకప్పటి నాలుగో మడుగు అడుగునే ఉంది. గట్లు అలాగే ఉన్నాయి, మధ్యలో సిమెంటు. నడుస్తుంటే నా నెత్తి మీద ఎంత నీరుండేదో లెక్క తెలుస్తూనే ఉంది. ఆరు నిలువులు.

తాతారావు గొట్టాలు తుడిచే పని నుంచి అప్పుడే వచ్చాడు. ఒక్క గది ఇల్లు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు, అధికారి వస్తే లేచినట్టు. అది భరించలేక నిలబడే చెప్పేశాను. గోనెలు, తొమ్మిది కిలోలు, కృష్ణ వైపు అధికారి, పంతొమ్మిది.

మంచం మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. దెబ్బ తినడానికి ఒళ్ళు కూడా సిద్ధం చేసుకున్నాను.

"అయితే మాది బతికున్న మడుగేనండి."

"అవును."

"ఆ సేప ఇప్పుడుంటే ఎంత అయ్యుండేదండి?"

ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడిగి ఎన్నేళ్ళయిందో. ఆరు నిలువుల లోతు, అప్పటి మేత, దాని పొలుసు మీద నేను లెక్కపెట్టిన పన్నెండు వలయాలు, ఆ పైన పదకొండేళ్ళు. ముసలి చేప నెమ్మదిగా పెరుగుతుంది. కళ్ళు మూసుకుని లెక్క వేశాను, ఎక్కువ చెప్పకూడదని ఒకటికి రెండుసార్లు.

"ముప్పై రెండు. ముప్పై మూడు దాటదు."

"పొడుగెంతుంటదండి?"

"నాలుగడుగుల మీద కొంచెం."

చేతులు చాచి చూపించబోయాను. కుడి భుజం లేవలేదు. తాతారావు గూట్లోంచి సుద్దముక్క తీసి నా చేతికిచ్చాడు. మంచం, గోడ, పొయ్యి మధ్య నేల మీద చోటు చాలలేదు. ఇద్దరం చెరో వైపు పట్టి మంచాన్ని గుమ్మం దాకా జరిపాం. తాయారు నీళ్ళ బిందె పక్కకు తీసింది. మోకాళ్ళ మీద కూర్చుని తల దగ్గర మొదలుపెట్టాను, పెద్ద తల, పైకి తిరిగిన నోరు, బలమైన వీపు. తోక వచ్చేసరికి గోడ తగిలింది.

తాతారావు భార్య పనిలోంచి వచ్చి, గుమ్మంలో మంచం చూసి ఆశ్చర్యపోయి, నేల మీద గీత చూసింది. చెప్పులు బయట విప్పి, దాన్ని తొక్కకుండా తోక వైపు నుంచి చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.